ఐదు గుర్రాలు

కొండగట్టు ఘాటు రోడ్డులో రెండో మలుపు దగ్గర మారుతి ఆగిపోయింది. ఒక్కసారిగా ఆగలేదు. మొదటి గేరులో మూలిగింది. ఏసయ్య ఆక్సిలరేటరును అడుగుదాకా అదిమినా కదలక వణికింది. ఆ తర్వాత మెల్లగా వెనక్కి జారడం మొదలుపెట్టింది. అతను హ్యాండు బ్రేకు గుంజి, కిందికి దూకి, చేతికందిన రాయిని వెనక టైరు కింద పెట్టాడు.

"అవ్వా, జర దిగున్రి. తేలికైతే ఎక్కుతది," అన్నాడు తల ఎత్తకుండా.

ధర్మపురి నుంచి మొక్కు తీర్చుకోవడానికి వచ్చిన కుటుంబం అది. బాలవ్వ అనే ముసలామె, కొడుకు, కోడలు, ఇద్దరు పిల్లలు. బాలవ్వకు మోకాళ్లు పట్టేశాయని, బస్సెక్కలేదని, కొడుకు జగిత్యాల స్టాండులో కారు మాట్లాడుకున్నాడు. ఆమె పల్లెత్తు మాట అనలేదు. గుట్ట మీద చెప్పులు తొడగనని మొక్కుకుందట. వాటిని చేతిలో పట్టుకుని, కోడలి భుజం మీద చెయ్యేసి, కాలుతున్న తారు మీద కాళ్లు ఎత్తెత్తి వేస్తూ మలుపు తిరిగిపోయింది. తిట్టినా బాగుండేదని ఏసయ్యకు అనిపించింది.

వెనకనుంచి బక్కయ్య అంబాసిడర్ వచ్చింది. నిండా మనుషులు, పైన సామాన్లు. అయినా రెండో గేరులో హాయిగా ఎక్కుతోంది. బక్కయ్య స్టాండుకు పెద్ద. దాటిపోతూ హారను కొట్టాడు. అది పలకరింపో వెక్కిరింపో ఏసయ్యకు తెలుసు.

సాయంత్రం స్టాండులో తీర్పు చెప్పడానికి బక్కయ్యకు ఎక్కువసేపు పట్టలేదు. రేకుల కింద బల్ల మీద కూర్చుని, చాయ్ సాసరులో పోసుకుని తాగుతూ చెప్పాడు.

"సామి దర్శనానికి పోయేటోళ్లను సగం దారిల దింపినవ్. స్టాండు పేరు పాడైతది. ఇగ నీకు గుట్ట వంతు లేదు ఏసయ్యా. నిండు బండి ఎవరన్న చూడంగ పైదాక ఎక్కిచ్చిననాడు మల్ల మాట్లాడు."

"మారుతి గుట్టెక్కుడేంది? అగ్గిపెట్టెకు నాల్గు చక్రాలు," అన్నాడు ఫియట్ నడిపే గంగారాం. బల్ల మీద ఉన్నవాళ్లంతా నవ్వారు.

ఏసయ్య తన చాయ్ గ్లాసు పట్టుకుని కారు పక్కనే నిలబడి ఉన్నాడు. బల్ల మీద జాగా లేక కాదు. అతను ఊరవతలి దళితవాడ నుంచి వచ్చినవాడు. తండ్రి పటేలు ఇంట్లో జీతగాడిగా బతికి పోయాడు. ఇతను పదేళ్లు ఒక సేటు కారు తోలి, ఆయన కొత్తది కొనుక్కున్నప్పుడు పాతదాన్ని తీసుకుని ఓనరయ్యాడు. స్టాండులో ఎవరూ కూర్చోవద్దని అనలేదు, రమ్మని కూడా అనలేదు. మర్యాదస్తులు చేసే అవమానం ఇలాగే ఉంటుంది, వేలు పెట్టి చూపించడానికి ఏమీ దొరకదు.

గుట్ట వంతు లేకపోతే స్టాండులో ఏముంది? మంగళవారం, శనివారం కొండగట్టు కిరాయిలే అందరి పొయ్యిలు వెలిగించేవి. మిగతా రోజులు ఆస్పత్రి కేసో, పెండ్లి చూపులో దొరికితే దొరికినట్టు. ఆ కిరాయిలు పోతే కారు అమ్మాలి, మళ్లీ ఇంకొకరి కారు తోలాలి.

"ఎక్కిస్త," అన్నాడు ఏసయ్య. ఎవరూ విన్నట్టు లేదు. అయినా ఇంకోసారి అన్నాడు.

సిరిసిల్లలో మెకానిక్ గోవర్ధన్ షెడ్డు చుట్టూ సాంచాల, అంటే మరమగ్గాల, చప్పుడు. ఏ గల్లీలోకి పోయినా అదే చప్పుడు, మాట్లాడాలంటే గొంతు పెంచాల్సిందే. గోవర్ధన్ ఒకప్పుడు ఆ సాంచాలు బాగుచేసే జాపరు. చెడిపోయిన సాంచె పక్కన నిలబడి చప్పుడు విని రోగం చెప్పేవాడని పేరు. తర్వాత మోటారు సైకిళ్లు, ఆ తర్వాత కార్లు పట్టాడు. పనితనం ఎంతో నోరు కూడా అంతే.

"ఎవడన్నా చెప్పిండా నీకు, హైదరాబాద్‌ల పెద్ద కార్బొరేటర్ పెడ్తరు, సైలెన్సర్ కోస్తరు, బలం డబల్ అయితదని?"

"చెప్పిన్రన్నా."

"అయితది. సప్పుడు డబల్ అయితది. పెట్రోల్ డబల్ తాగుతది. గుట్ట కాడ మాత్రం గంతే." గోవర్ధన్ బానెట్ ఎత్తి, ఇంజను మీద చెయ్యి పెట్టి, పిల్లవాడి జ్వరం చూసినట్టు కాసేపు ఉంచాడు. "ఇను తమ్మీ. గీ ఇంజన్ కంపెనీల పుట్టినప్పుడు ముప్పయ్యేడు గుర్రాల బలం. ఇప్పుడు ముప్పై నాలుగే ఉన్నయ్. పోయిన మూడింటిని దేవులాడి పట్కస్త. గది కొత్త బలం కాదు, నీదే నీకిచ్చుడు. గా పైన రెండు నేను కలుపుత. మొత్తం ఐదు గుర్రాలు. గంతకంటె ఎక్కువ ఇస్తా అన్నోడు నీ జేబు చూసిండు, ఇంజన్ చూడలే."

"ఐదుతోని గుట్ట ఎక్కుతదా?"

"నీళ్లల్ల మునిగినోనికి ముక్కు పైకొస్తే సాలదా?"

పోయిన గుర్రాలను వెతకడం ఏసయ్య అనుకున్నట్టు ఇంజను దగ్గర మొదలు కాలేదు. గోవర్ధన్ వెనక చక్రాన్ని జాకీ మీద లేపి చేత్తో తిప్పమన్నాడు. అర చుట్టు తిరిగి ఆగింది. బ్రేకు పట్టి ఉంది. "ఒక గుర్రం ఈడ కట్టేసుకుని నడుపుతున్నవ్," అన్నాడు గోవర్ధన్. ఇంజనుకు గాలిని వడపోసే జాలిని తీసి నేలకు కొడితే దోసెడు దుమ్ము రాలింది. సైలెన్సరు ఊడదీసి కర్రతో బాదితే మసి పెచ్చులు పెచ్చులుగా పడింది. నెత్తిన ఉన్న ఇనుప క్యారియర్‌ను తీసి గోడకు ఆనించమన్నాడు. ఏసయ్యకు సిగ్గేసింది. కారును రోజూ తుడిచి తళతళలాడించేవాడు. లోపల మాత్రం ఊపిరాడకుండా చేసి, ఎక్కడం లేదని బాధపడ్డాడు.

మర్నాడు ఇంజను పైభాగం విప్పారు. వాల్వుల అంచులకు పేస్టు రాసి, చివర రబ్బరు బిళ్ల ఉన్న కర్రను అరచేతుల మధ్య పెట్టుకుని తిప్పాలి. ఆ పని గోవర్ధన్ ఏసయ్యకే అప్పగించాడు. తిప్పడం, తుడవడం, అంచు చూడటం, మళ్లీ తిప్పడం. అరచేతులు బొబ్బలెక్కాయి. అయిందనుకున్నప్పుడల్లా గోవర్ధన్ గుంటలో పెట్రోలు పోసేవాడు. కింద చెమ్మ కనపడితే "ఇంకా కారుతంది" అనేవాడు. పొద్దు వంగేసరికి చుక్క కారలేదు. ఆ రోజు ఏసయ్య తినడం మరిచిపోయాడు. తన చేతులతో ఒక గుర్రాన్ని వెనక్కి తెచ్చానన్న సంతోషం ముందు ఆకలి ఎంత?

ఇక రెండు గుర్రాలు కలిపే పని గోవర్ధన్‌ది. హెడ్డును లేతు మిషను మీద సన్నంగా చెక్కించాడు. పెట్రోలు దారి కాస్త పెద్దది చేశాడు. ఆఖర్న, నిప్పురవ్వలను ప్లగ్గులకు పంచే డిస్ట్రిబ్యూటరు నట్టు వదులు చేసి, ఆ డబ్బాను ఒక పక్కకు తిప్పి బిగించాడు.

"సాంచెల పోగు మోసే నాడె అవుతలి పెట్టె దాక పోకపోతే ఏం చేస్తం? దెబ్బ జర ముందుగాల పడేటట్టు సదురుతం. గిదీ గంతే. రవ్వ ముందుగాల పడితే బండి ఉరుకుతది," అన్నాడు. పాతికేళ్ల జాపరు చెయ్యి అది. సాంచెకు నేర్చుకున్నది కారుకు ఎందుకు పనికిరాదు అనుకున్నాడు.

మారుతి నిజంగానే ఉరికింది. జగిత్యాల నుంచి కోరుట్ల దాకా ఒక పేషెంటును దింపడానికి వెళ్లినప్పుడు, ఆ చదును రోడ్డు మీద ఏసయ్య ఒక ఆర్టీసీ బస్సును దాటాడు. ఇన్నేళ్లలో మొదటిసారి. కోరుట్లలో దిగిన పేషెంటు తమ్ముడు, "మంచి పికప్ ఉన్నదే నీ బండి," అన్నాడు. ఏసయ్య వెనక్కి వచ్చేదాకా ఆ మాటనే చప్పరించాడు.

అసలు పరీక్ష గుట్ట దగ్గర. గోవర్ధన్ తన పని తానే చూడాలని సిరిసిల్ల నుంచి బస్సులో వచ్చాడు. బరువు కోసం ఏసయ్య ఇంటివాళ్లనే ఎక్కించుకున్నాడు. భార్య రూతమ్మ, అత్త సాయమ్మ, వాళ్లిద్దరి మధ్య ఒక బియ్యం బస్తా. పాస్టరుగారికి తెలిస్తే ఏమంటారోనని సాయమ్మ కొంగు నెత్తి మీదికి లాక్కుంది.

"మొక్కనీకి పోతున్నమా అవ్వా, బరువుకు పోతున్నం," అంది రూతమ్మ. "బియ్యం బస్తాకు మతమున్నదా? మనకు సుత లేదనుకో ఇయ్యాల."

మొదటి మలుపు దాటారు. రెండో మలుపు ఎక్కుతుండగా ఇంజనులోంచి గోలీలు డబ్బాలో పోసి ఊపినట్టు టకటకమని చప్పుడు మొదలైంది. ఏసయ్య ఎంత తొక్కితే అంత చప్పుడు. బలం మాత్రం చేతిలోంచి జారిపోతోంది. వేడి ముల్లు పైకి లేచింది. బాలవ్వ దిగిన చోటికి పది గజాల అవతల మారుతి మళ్లీ ఆగింది.

రూతమ్మ దిగి, మెటికలు విరుచుకుని, రోడ్డు మీద నిలబడి గోవర్ధన్ వైపు చూసింది. "అన్నా, ఐదు గుర్రాలంటివి. గాడిదెలు ఎక్కినట్టున్నయ్."

గోవర్ధన్ బానెట్ ఎత్తి, వేడికి మొహం చిట్లించి లోపలికి వంగాడు. ఆ సమయంలో కిందినుంచి బక్కయ్య అంబాసిడర్ ఎక్కి వస్తోంది. దాని చప్పుడు ఘాటు మొత్తం నింపుతోంది, ఒత్తుగా, తొణకకుండా. గోవర్ధన్ తల తిప్పి విన్నాడు.

"గా బండి ఎవరిది? టైమింగ్ ఎంత సక్కగున్నది!" అని, తన నుదురు తనే కొట్టుకున్నాడు. "తప్పు నాదే తమ్మీ. సాంచెల నాడెకు ఎప్పుడూ ఒకటే బరువు. బండి గట్ల కాదు. చదును మీద ముందుగాల కొడితే ఉరికింది. గుట్ట మీద బరువు పడంగనే రవ్వ ముందు పడి, ముందుకు పోయేదాన్ని ఎనకకు నూకుతంది. దాని బలంతోని దాన్నే గుద్దుతున్న నేను."

నట్టు వదులు చేసి, డబ్బాను వెనక్కి తిప్పాడు. పావు అంగుళం కూడా ఉండదు. ఏసయ్యను దగ్గరికి పిలిచి చేయి పట్టుకుని దాని మీద పెట్టాడు. "నువ్వే తిప్పు. ఇటు తిప్పితే గోలీలాట. అటు ఎక్కువ తిప్పితే ముసలోని దగ్గు. నడుమ ఒక జాగ ఉంటది. చెవితోని పట్టుకో."

ఏసయ్య పట్టుకున్నాడు. ఇంజను ఊపిరి సర్దుకున్నట్టు ఒక చోట నిమ్మళించింది. ఆ చోట బిగించాడు.

అందరూ మళ్లీ ఎక్కాక, టైరు కింద పెట్టిన రాయి తీశాడు. మారుతి వణకలేదు. మొదటి గేరులో కదిలింది, మలుపు దాటాక రెండోది పడింది, ఆ రెండో గేరులోనే కోతులను తప్పించుకుంటూ పైదాకా పోయింది. పైన గోపురం కనపడగానే సాయమ్మ మతం మరిచిపోయి దండం పెట్టింది. రూతమ్మ మొగుడి భుజం మీద ఒక్కసారి చరిచింది. ఏసయ్య కళ్లు చెమ్మగిల్లాయి, ఎవరూ చూడకుండా కారు దిగి, కిందికి వంగి టైరు చూస్తున్నట్టు నటించాడు.

పైన బక్కయ్య భక్తులను దింపి నిలబడి ఉన్నాడు. మారుతిలోంచి దిగినవాళ్లను లెక్కపెట్టుకున్నాడు, బియ్యం బస్తాను కాలితో తాకి చూశాడు.

"ఎక్కింది," అన్నాడు. "ఇగ వంతుల ఉండు."

ఇంత తేలిగ్గా ఒప్పుకుంటాడని ఏసయ్య అనుకోలేదు.

నాలుగు రోజులు పండుగలా గడిచాయి. ఆ తర్వాత జమేదారు వచ్చాడు. హెడ్ కానిస్టేబుల్‌ను అక్కడ ఇంకా పాత అలవాటుతో జమేదారనే పిలుస్తారు. అప్పుడు ఊళ్లలో అన్నలు, అంటే నక్సలైట్లు, తిరిగే కాలం. రోడ్ల కింద మందుపాతరలు పెడుతున్నారని పోలీసులు తమ జీపులు ఎక్కడం మానేశారు. మామూలు బట్టల్లో, మామూలు కార్లలో తిరుగుతున్నారు. ఆ కార్లు ఏదో ఒక స్టాండు నుంచే పోవాలి. దాన్ని డూటీ అంటారు. కిరాయి అడిగే ధైర్యం ఎవరికీ ఉండదు, రానని చెప్పే ధైర్యం అసలే ఉండదు.

ఇంతకు ముందు జమేదారు వచ్చినప్పుడల్లా మారుతిని చూసి పెదవి విరిచేవాడు. అది కూడా ఏసయ్య అవమానాల మూటలోనే ఉంది. ఈసారి నేరుగా దాని దగ్గరికే వచ్చాడు.

"నీ బండే గదా, మొన్న గుట్ట మీద చూసిన. మంచిగ గుంజుతంది. నడువ్."

నలుగురు ఎక్కారు. లుంగీలు, అంగీలు, ఒళ్లో దుప్పటి కప్పిన తుపాకులు. కథలాపూర్ రోడ్డు పట్టించారు. మాటలన్నీ మామూలుగానే సాగాయి, ఒకడు బిడ్డ పెండ్లి గురించి చెబుతున్నాడు. కానీ దూరంగా మోరీ, రోడ్డు కింద నీళ్లు పోయే తూము, కనపడగానే నోళ్లు మూతపడేవి. మోరీల కిందే పాతరలు పెడతారని అందరికీ తెలుసు. కారు మోరీ దాటేది. మళ్లీ పెండ్లి మాటలు మొదలయ్యేవి. ఏసయ్య మోరీలు లెక్కపెట్టడం మొదలుపెట్టాడు. తను రాత్రీ పగలూ కష్టపడి తెచ్చిన బలం కాళ్ల కింద ఉరుకుతోంది, అది తనను ఎక్కడికి తీసుకుపోతోందో తెలియదు.

ఒక ఊరి బయట మేకలు కాస్తున్న మనిషి తల ఎత్తి చూశాడు. కారును కాదు, డ్రైవరును. ఆ చూపు ఏసయ్యకు ఇంటిదాకా అంటుకుని వచ్చింది.

"నువ్వు సుత ఆ డబ్బా తిప్పరాదు?" అంది రూతమ్మ, అన్నం పెడుతూ. "దగ్గేటట్టు చెయ్యి. ఇడిసి పెడ్తరు."

"నువ్వు సుత అంటవేంది? ఇంకెవరు తిప్పుతున్నరు?"

"నాకేం ఎరుక? అట్లనే అన్న."

మర్నాడు పొద్దున జమేదారు మళ్లీ స్టాండుకు వచ్చాడు. రేపు రెండు జట్లు పోవాలి, పెద్ద బండి కూడా ఒకటి చూద్దామని వచ్చాడట. బక్కయ్య వినయంగా అంబాసిడర్ స్టార్టు చేశాడు. అది దగ్గింది, కక్కింది, నల్లగా పొగ వదిలింది, కుదుపులతో ఆగింది. గంగారాం ఫియట్ కూడా అంతే. జమేదారు ఉమ్మేశాడు. "ఇవి బండ్లా, పాడెలా? రెండో జట్టుకు ఇంకేమన్న చూస్త. ఏసయ్యా, రేపు పొద్దుగాల నువ్వే," అని వెళ్లిపోయాడు.

ఏసయ్య కదలలేదు. ఆ దగ్గు తనకు తెలుసు, డబ్బాను అటు ఎక్కువ తిప్పితే వచ్చేదే. మూడు రోజుల కిందట ఇదే అంబాసిడర్ వెనకాల గుట్ట ఎక్కాడు. అప్పుడు దానిది గోవర్ధన్ మెచ్చిన చప్పుడే. ఈ మూడు రోజుల్లోనే ఇంజను ఇంత ముసలిదైపోతుందా?

వెళ్లి బక్కయ్య కారు బానెట్ ఎత్తాడు. ఇంజనంతా జిడ్డు, మట్టి. డిస్ట్రిబ్యూటరు నట్టు ఒక్కటే మాత్రం పానా తగిలి తగిలి వెండిలా మెరుస్తోంది. ఫియట్‌ది ఎత్తాడు. అక్కడా అంతే. వరుసలో మిగిలినవాటిని చూడాల్సిన పని లేదు, బల్ల మీద వాళ్ల మొహాలే చెబుతున్నాయి.

ఈ స్టాండులో ప్రతివాడికీ తెలిసిన విద్య ఇది. గుట్టకు పోయే పొద్దున ఇటు, జమేదారు వచ్చే పొద్దున అటు. తను ఐదు గుర్రాల కోసం సిరిసిల్ల దాకా పోయి అరచేతులు పుండ్లు చేసుకున్నాడు. వీళ్లు ఉన్న గుర్రాలను ఇన్నాళ్లుగా ఇక్కడే దాచిపెట్టుకుంటున్నారు.

"నాకెందుకు చెప్పలే?" అన్నాడు ఏసయ్య.

"నువ్వెప్పుడన్న అడిగినవా?" అన్నాడు గంగారాం.

"అడగనీకి ఈ బల్ల మీద కూసోనిచ్చిన్రా నన్ను? మూడేండ్లాయె, చాయ్ తాగుతున్న, ఎండల నిలబడి. నా బండి గుట్టెక్కంగనే బక్కయ్యన్న వంతు ఎందుకిచ్చిండో ఇప్పుడు సమజైంది. జమేదారుకు ఒక బండి కావాలె. గది వాడోని బండి అయితే మీకు మంచిదే గద."

బక్కయ్య సాసరు కింద పెట్టాడు. కాదనలేదు. ఆ మౌనం చూసి ఏసయ్యకు కోపం కాదు, ఏడుపు వచ్చింది. మెత్తనివాణ్ణి చూస్తే మొత్తబుద్ధి అంటారు. తను ఇన్నాళ్లు మెత్తగా ఉన్నాడు.

"ఇప్పుడు తెలిసింది గద, నువ్వు సుత తిప్పు," అన్నాడు గంగారాం, ఉదారంగా.

"తిప్పనంటే తిప్ప," అన్నాడు ఏసయ్య. "ఒక బండి దగ్గితే ముసలిదంటరు. స్టాండు మొత్తం దగ్గితే జమేదారు బానెట్లు ఎత్తుతడు. ఎత్తితే ఎవరి వీపులు పగులుతయో ఎరుకేనా? ఇంకోటి చెప్తున్న ఇనున్రి. గుట్ట ఎట్ల వంతో, డూటీ గట్లనే వంతు. రేపు బక్కయ్యన్న. ఎల్లుండి గంగారాం. ఆమీద మిగిలినోళ్లు. నేను ఒకపారి పోయచ్చిన, మల్ల నా వంతు వచ్చినప్పుడు మల్ల పోత."

"మేం పోమంటే ఏం జేస్తవ్? జమేదారుకు చెప్తవా?" అన్నాడు బక్కయ్య.

"చెప్పనే చెప్ప. నేను చెప్పనని ఎరుకయ్యే గద నన్ను ముందటికి నూకిన్రు." ఎత్తిన బానెట్లు రెండూ దించాడు. "మీరు పోకపోతే రేపు నేనే పోత. ఎల్లుండీ పోత. ఏదో మోరీ కాడ నేను ఖతమైత. ఇగ జమేదారు మల్ల ఈడికే వస్తడు. గప్పుడు ఎవరి దగ్గు ఇంటడో సూడున్రి. ఒక్కడు రోజూ పోతే ఆన్ని పోలీసోని మనిషి అంటరు. అందరు పోతే డ్రైవర్లు, ఏం జేస్తరు పాపం అంటరు. మనకున్న ఆసర గదొక్కటే."

ఏసయ్య చాయ్ డబ్బులు కట్టి, కారు తీసుకుని ఇంటికి పోయాడు. ఊరంతా ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అని గంగారాం వెనకనుంచి గొణగడం వినపడింది.

మర్నాడు పొద్దున ఏసయ్య తలస్నానం చేసి, ఉతికిన అంగీ తొడిగి, రూతమ్మతో కలిసి ప్రార్థన చేసి బయల్దేరాడు. ఎవరూ పోకపోతే తనే పోవాలి, అన్న మాట అన్నదే. స్టాండుకు చేరేసరికి బక్కయ్య అంబాసిడర్ వరుసలో ముందు నిలబడి ఉంది. బానెట్ ఎత్తి ఉంది. బక్కయ్య పానాతో నట్టు బిగించి, చేతులు తుడుచుకుని, ఏసయ్య వైపు చూడకుండానే బానెట్ దించాడు.

జమేదారు వచ్చాడు. "ఏసయ్యా, ఎక్కు," అన్నాడు.

"ఇయ్యాల నా వంతు సార్," అంటూ బక్కయ్య తాళం తిప్పాడు. ఇంజను ఒక్క పెట్టున అందుకుంది, ఎక్కడా తొణకలేదు.

జమేదారు కనుబొమలు ఎగరేశాడు. "నిన్న సావబోయింది గద?"

"రిపేరయింది సార్."

జమేదారు బక్కయ్య మొహంలోకి, ఆ తర్వాత వరుసలోని కార్లవైపు చూశాడు. అతనికి ఎంత అర్థమయిందో ఎవరికీ తెలియలేదు. పెద్ద బండి దొరికింది చాలనుకున్నాడేమో, మనుషులను ఎక్కించాడు. బక్కయ్య గేరు వేస్తూ ఒక్కసారి స్టాండు మొత్తాన్ని చూశాడు. ఇంట్లో చెప్పి వచ్చాడో లేదో అనుకున్నాడు ఏసయ్య. తనే పంపాడు. జరగరానిది జరిగితే అది తన మాట వల్లే.

శనివారం కావడంతో గుట్ట కిరాయిలు దొరికాయి. మెట్‌పల్లి నుంచి వచ్చిన ఒక కుటుంబాన్ని ఎక్కించుకుని ఏసయ్య కొండగట్టు పోయాడు. మారుతి రెండో గేరులో ఎక్కింది. ఎక్కిన సంతోషం మాత్రం ఎక్కడా తగలలేదు. దిగి వచ్చాక మళ్లీ కిరాయి వచ్చినా గంగారాంను పొమ్మన్నాడు. గంగారాం కూడా వద్దన్నాడు. ఎవరూ పోలేదు. కథలాపూర్ వైపు నుంచి వచ్చే బస్సు డ్రైవర్లను ఆపి, రోడ్డు బాగుందా అని అడుగుతూ కూర్చున్నారు. ఎప్పుడు కూర్చున్నాడో తెలియదు గానీ ఏసయ్య బల్ల మీదే ఉన్నాడు.

పొద్దు గుంకుతుండగా అంబాసిడర్ వచ్చింది. అద్దాల మీద ఎర్ర దుమ్ము. బక్కయ్య దిగి, చెంబెడు నీళ్లు మొహం మీద పోసుకుని, ఇంకో చెంబు గటగటా తాగాడు.

"మోరీలు శాన ఉన్నయ్‌రా ఆ తొవ్వల," అన్నాడు. చెంబు కింద పెట్టి, "నువ్వు ఒక్కనివే ఎట్ల పోయినవో," అన్నాడు ఏసయ్యతో. తర్వాత తువ్వాల దులుపుకుని ఇంటికి నడిచాడు.

ఏసయ్య కూడా లేచాడు. అప్పుడు చూశాడు, గంగారాం తన ఫియట్ బానెట్ ఎత్తి, చేతిలో పానాతో వంగి ఉన్నాడు. ఏసయ్య అనుకున్నాడు, అయిపోయింది, ఒక్క రోజుకే అయిపోయింది, రేపు పొద్దున ఇది మళ్లీ దగ్గుతుంది. తన కారు తలుపు తీశాడు.

"ఏసయ్యా! పోకు, జర ఇటు రా."

వెళ్లాడు. గంగారాం ఇంజను ఆన్ చేసి ఉంచాడు. చేతులు నల్లగా ఉన్నాయి, మొహాన చెమట.

"రేపు నాది గద," అన్నాడు గంగారాం, తల ఎత్తకుండానే. "సగం తొవ్వల ఆగితే పోలీసోళ్లు తంతరు, ఆగకుంటే ఇంకేమైతదో తెల్వదు. సక్కగ పోయి సక్కగ రావాలె. ఇన్నేండ్లు అటు ఇటు తిప్పి తిప్పి దీని అసలు జాగ ఏదో నేనే మర్సిపోయిన. గంట సేపాయె, దొరుకుతలేదు. నీ చెవి మంచిదంటరు. జర ఇని చెప్పు."

ఏసయ్య ఇంజను మీదికి వంగాడు. గంగారాం డబ్బాను మెల్లగా తిప్పసాగాడు.

"ఇంకొంచెం," అన్నాడు ఏసయ్య. "ఇంకొంచెం. ఆగు, దాటిపోయినవ్. ఎనకకు రా... ఆఁ, గదే. బిగించు."